ఊరి బీడులో గోల్ఫ్ ఆట



గోల్ఫ్ అనే మాట వినగానే మనలో చాలామందికి ఒకే దృశ్యం తోస్తుంది. ఎత్తైన ప్రహరీగోడ, గేటు దగ్గర కాపలా మనిషి, లోపల కంటికి ఆనినంత మేర పచ్చగడ్డి, ఆ గడ్డి మీద తెల్లటోపీ పెట్టుకుని నడిచే పెద్దమనిషి, ఆయన వెనక సంచీ మోస్తూ ఒక కుర్రవాడు. సినిమాలు మనకు అలాగే చూపించాయి. కోలారు బంగారు గనుల్లో ఇంగ్లీషు దొరల కాలంలో కూడా గోల్ఫ్ మైదానం ఉండేది. దొరలు ఆడితే, మన తాతలు భూమి లోపల పని చేశారు. కాబట్టి ఆ ఆట మనది కాదు, ఆ మైదానం మనది కాదు అనుకోవడంలో తప్పేమీ లేదు.

అయితే ఈ పూట నేను మీకు చెప్పబోయే మైదానం వేరు. గోల్ఫ్ ఆటకు పుట్టినిల్లు అని ప్రపంచమంతా ఒప్పుకున్న మైదానం అది. దానికి ప్రహరీగోడ లేదు. దాని నడుమనుంచి ఊరివాళ్ళు నడిచే దారి ఉంది. ఆదివారం ఆట ఉండదు, ఎవరైనా లోపలికి వచ్చి షికారు చేయవచ్చు. అది ఏ కంపెనీదీ కాదు, ఏ జమీందారుదీ కాదు. మన మాటల్లో చెప్పాలంటే అది ఊరి పోరంబోకు. ఒకసారి చేజారిపోయి, మళ్ళీ చేతికి వచ్చిన పోరంబోకు. ఆ మైదానాన్ని ఎలా చూడాలో, అక్కడ ఎలా ఆడాలో చెబుతూ, అది ఊరిదిగా ఎలా నిలిచిందో కూడా చెబుతాను.

ముందు ఆట సంగతి రెండు మాటల్లో. మనం చిన్నప్పుడు గోలీలాట ఆడాం. నేలలో చిన్న గుంత తీసి, దూరంనుంచి గోలీని ఆ గుంతలోకి కొట్టేవాళ్ళం. గోల్ఫ్ కూడా అంతే, కాకపోతే గుంత మూడు నాలుగు వందల గజాల దూరంలో ఉంటుంది, వేలికి బదులు కర్ర ఉంటుంది. బంతి బరువు 46 గ్రాములకు మించదు. గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు, అంటే సుమారు జానెడులో సగం. అలాంటి గుంతలు 18. ప్రతి గుంత దగ్గరా మొదలుపెట్టే చోటును టీ అంటారు, గుంత చుట్టూ నున్నగా కోసిన గడ్డిని గ్రీన్ అంటారు, ఈ రెంటి నడుమ ఉన్న దారిని ఫెయిర్‌వే అంటారు. అక్కడక్కడా ఇసుక గోతులు ఉంటాయి, వాటి పేరు బంకర్లు. 18 గుంతల్లోనూ బంతి వేయడానికి ఎవరు తక్కువ దెబ్బలు కొడితే వారు గెలిచినట్టు. ఆటంతా ఇంతే. చెప్పడం తేలిక, ఆడడం కష్టం.

ఇక ఊరి సంగతి. స్కాట్లాండ్ తూర్పు తీరంలో ఫైఫ్ అనే ప్రాంతం ఉంది. అక్కడ సముద్రం ఒడ్డున సెయింట్ ఆండ్రూస్ అనే ఊరు. మన ముళబాగిలు కంటే చిన్నది. 1413లో నెలకొన్న విశ్వవిద్యాలయం ఆ ఊళ్ళో ఉంది. ఊరికీ సముద్రానికీ నడుమ ఇసుకనేల ఒకటి ఉంది. పంటకు పనికిరాదు. యానాం వైపు ఉన్న శ్రోతలకు ఇలాంటి నేల బాగా తెలుసు, పర్ర అంటారు. ఆ దేశంలో ఇలాంటి నేలను లింక్స్ అంటారు. చలిగాలికి పొట్టిగడ్డి తప్ప ఏమీ మొలవదు. ఆ గడ్డిని గొర్రెలూ కుందేళ్ళూ కొరికి మరింత పొట్టి చేసేవి. గాలికి ఓర్చుకోలేక గొర్రెలు ఒదిగి పడుకున్న చోట్లే ఇసుక తేలి గోతులయ్యాయనీ, నేటి బంకర్లు అవేననీ అక్కడివారు చెబుతారు. ఎవరూ గీత గీసి, పలుగు పట్టి మొదట ఆ మైదానాన్ని తయారు చేయలేదు. నేల ఎలా ఉందో ఆట అలా వచ్చింది.

ఈ ఆట అక్కడ ఎంత పాతదంటే, 1457లో స్కాట్లాండ్ పార్లమెంటు దీనిని నిషేధించింది. జనం విలువిద్య సాధన మానేసి గోల్ఫ్, ఫుట్‌బాల్ ఆడుతున్నారని రాజుగారికి కోపం వచ్చింది. రాజు వద్దన్నా జనం మానలేదనే అనుకోవాలి, ఎందుకంటే దాదాపు వందేళ్ళ తరువాత ఈ ఆట పేరు ఒక దస్తావేజులో కనబడుతుంది. ఆ దస్తావేజే మన కథకు ఆధారం.

అది 1552. ఆ ఊరి మతాధిపతి ఆర్చ్‌బిషప్ జాన్ హామిల్టన్‌కు ఆ బీడులో కుందేళ్ళు పెంచుకోవాలనిపించింది. బీడు ఊరందరిదీ కాబట్టి ఊరి ఒప్పుకోలు కావలసి వచ్చింది. ఊరివాళ్ళు సరే అన్నారు, కానీ ఊరికే అనలేదు. ఇక్కడ గోల్ఫ్ ఆడే హక్కు, ఫుట్‌బాల్ ఆడే హక్కు, పశువులు మేపుకునే హక్కు మావే అని రాయించుకున్నారు. ఆర్చ్‌బిషప్ సంతకం చేశాడు. నోటిమాటగా ఉన్న వాడుక ఆ రోజునుంచి కాగితం మీదికి వచ్చింది.

ఆ కాగితం విలువ రెండు వందల నలభై ఏళ్ళకు తెలిసివచ్చింది. 1797 నాటికి ఊరి పురపాలక సంఘం అప్పుల్లో మునిగిపోయింది. బీడును అమ్మేసింది. కొంతకాలానికి అది కుందేళ్ళ వ్యాపారుల చేతికి వెళ్ళింది. మాంసానికీ, తోలుకూ కుందేళ్ళను వేలకొద్దీ పెంచడం మొదలుపెట్టారు. కుందేలు ఊరుకుంటుందా, బొరియలు తవ్వింది. ఆడేచోట అడుగడుగునా గుంతలే. ఊరివాళ్ళు కోర్టుకు వెళ్ళారు. మా నేలను అమ్మారు సరే, మా ఆట హక్కును ఎవరు అమ్మారు అని అడిగారు. 1552 నాటి దస్తావేజు చూపించారు. ఇరవై ఏళ్ళకు పైగా తగాదా సాగింది. చివరికి 1821లో పక్క ఎస్టేటు యజమాని, గోల్ఫ్ అంటే ఇష్టపడే జేమ్స్ ఛీప్ ఆ నేలను కొని, కుందేళ్ళ బెడద వదిలించాడు.

అయినా అది ఒక మనిషి సొత్తుగానే ఉంది. మంచివాడి చేతిలో ఉన్నంతకాలం బాగానే ఉంటుంది, తరువాత ఎవరి చేతిలోకి పోతుందో ఎవరు చెప్పగలరు? ఆ ఎరుకతోనే 1894లో పార్లమెంటు చట్టం ద్వారా ఆ నేలను తిరిగి ఊరి పేరుకు తెచ్చుకున్నారు. 1974లో మరో చట్టం చేసి, ఆ మైదానాలను చూసుకోవడానికి ఒక ట్రస్టును ఏర్పరచారు. లాభం పంచుకునే వాటాదారులు ఎవరూ ఆ ట్రస్టుకు లేరు. వచ్చిన డబ్బు తిరిగి మైదానానికే. ఇప్పుడు అక్కడ ఒకటి కాదు, ఏడు మైదానాలు ఉన్నాయి. అన్నిటికంటే పాతదాన్ని ఓల్డ్ కోర్సు అంటారు.

ఇక్కడ ఒక భ్రమ తొలగించాలి. ఓల్డ్ కోర్సు మొదటి టీ వెనకాల పెద్ద రాతి భవనం ఉంది. టీవీలో చూసినవారు మైదానం ఆ భవనంవారిదే అనుకుంటారు. అది రాయల్ అండ్ ఏన్షియంట్ అనే క్లబ్బువారి భవనం. 1754లో 22 మంది జమీందార్లు, పెద్దమనుషులు కలిసి పెట్టుకున్న సంఘం అది. లోకంలో గోల్ఫ్ నియమాలకు పెద్దదిక్కుగా నిలిచిన క్లబ్బు. 2014 దాకా ఆడవాళ్ళను సభ్యులుగా చేర్చుకోలేదు. అంతటి క్లబ్బుకు కూడా ఆ మైదానం సొంతం కాదు. భవనం వారిది, మైదానం ఊరిది.

ఇప్పుడు మీరు అక్కడికి వెళ్ళారనుకోండి. ఇది ఉత్తమాట కాదు. మన సరిహద్దు జిల్లాల పిల్లలు ఇవాళ చదువులకు స్కాట్లాండ్ దాకా వెళుతున్నారు. సెయింట్ ఆండ్రూస్‌కు పక్కనే డండీ నగరంలో పెద్ద విశ్వవిద్యాలయం ఉంది. కొడుకో, కూతురో, మేనల్లుడో అక్కడ ఉంటే మీరు చూడడానికి వెళ్ళకపోరు. రైల్లో వెళితే లూకర్స్ అనే స్టేషన్‌లో దిగాలి. సెయింట్ ఆండ్రూస్ రైలుమార్గం 1969లోనే మూతపడింది. లూకర్స్‌నుంచి బస్సు ఉంది.

వెళ్ళేది ఆదివారమైతే మంచిది. పెద్ద పోటీలు ఉన్న కొన్ని రోజులు తప్ప, ఓల్డ్ కోర్సులో ఆదివారం ఆట ఉండదు. ఆ రోజు అది పార్కు. ముసలివాళ్ళు నెమ్మదిగా నడుస్తుంటారు, పిల్లలు పరుగెత్తుతుంటారు, కుక్కల్ని తిప్పేవాళ్ళు తిప్పుతుంటారు. టికెట్టు లేదు. ప్రపంచంలోని పెద్ద పెద్ద ఆటగాళ్ళు పోటీపడే గడ్డి మీద మీరు నడవవచ్చు. నేలకు కూడా వారానికి ఒకరోజు విశ్రాంతి అని ఆ ఊరివారు భావిస్తారు. మన రైతులు ఎద్దులకు ఇచ్చే సెలవు లాంటిదే.

మామూలు రోజుల్లో వెళ్ళినా చూడడానికి అడ్డులేదు. మొదటి గుంత దారికీ, 18వ గుంత దారికీ అడ్డంగా గ్రానీ క్లార్క్స్ వైండ్ అనే దారి పోతుంది. మన భాషలో చెప్పాలంటే క్లార్క్ అవ్వ సందు. ఊళ్ళోంచి సముద్రం ఒడ్డుకు వెళ్ళే దారి అది. ఆటగాళ్ళు ఆడుతూనే ఉంటారు, జనం ఆ దారిన దాటుతూనే ఉంటారు. లక్షలు ఖర్చుపెట్టి వచ్చిన ఆటగాడైనా, దారిలో మనిషి ఉంటే ఆగి, దాటాక కొట్టవలసిందే.

ఆపై చిన్న వాగు ఒకటి, దాని మీద స్విల్కన్ వంతెన. పది అడుగులు వేస్తే దాటిపోయే పాతరాతి వంతెన. గొర్రెలూ పశువులూ దాటడానికి ఎప్పుడో కట్టారంటారు. ఓపెన్ పోటీలకు వీడ్కోలు చెప్పే పెద్ద ఆటగాళ్ళు ఆ వంతెన మీద ఆగి చెయ్యి ఊపుతారు. గొర్రెల వంతెనకు అంతటి గౌరవం.

చూశాక ఆడాలనిపిస్తే ఎలా? ఇక్కడ మూడు మెట్లు ఉన్నాయి. కింది మెట్టునుంచి చెబుతాను.

మొదటిది హిమాలయాలు. నవ్వకండి, పేరు నిజంగా అదే. ఓల్డ్ కోర్సు పక్కనే ఎగుడుదిగుడుగా, గుట్టలుగుట్టలుగా ఉన్న గడ్డినేల. 1867లో ఊరి ఆడవాళ్ళు అక్కడ తమ సంఘం పెట్టుకున్నారు. ఆ కాలంలో ఆడవాళ్ళు కర్రను భుజం పైకి ఎత్తి కొట్టడం మర్యాద కాదనేవారు. కాబట్టి నేలమీద బంతిని నెమ్మదిగా దొర్లించే ఆటనే, అంటే పట్టింగ్‌నే, తమ ఆటగా చేసుకున్నారు. ఆ సంఘం ఇప్పటికీ ఉంది. వేసవి నెలల్లో బయటివాళ్ళు కూడా కొద్ది పౌండ్లు కట్టి ఆడవచ్చు. కర్రా బంతీ వాళ్ళే ఇస్తారు. ముందు నేర్చుకుని ఉండనక్కరలేదు. తాతా మనవడూ కలిసి ఆడుకునే చోటు అది.

రెండవది బాల్గోవ్ మైదానం. తొమ్మిది గుంతలే ఉంటాయి. పిల్లలకూ, కొత్తగా నేర్చుకునేవారికీ ఉద్దేశించినది. ఊరి పిల్లలు ఇక్కడే మొదలుపెడతారు. పెద్ద ఆటగాళ్ళు వచ్చే చోటుకు కూతవేటు దూరంలో పిల్లలకంటూ ఒక మైదానం విడిచి ఉంచడం గమనించవలసిన సంగతి.

మూడవది ఓల్డ్ కోర్సు. దీనికి ముందే ఆట వచ్చి ఉండాలి. హ్యాండిక్యాప్ పత్రం చూపించాలి. హ్యాండిక్యాప్ అంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే ఈ ఆటలో నాకు నచ్చిన ఏర్పాటు అది. ప్రతి గుంతకూ మంచి ఆటగాడికి ఇన్ని దెబ్బలు పడతాయని ఒక లెక్క ఉంటుంది, దాన్ని పార్ అంటారు. ఓల్డ్ కోర్సు మొత్తం పార్ 72. మీరు సాధారణంగా 92 దెబ్బల్లో ముగిస్తారనుకోండి, స్థూలంగా మీ హ్యాండిక్యాప్ 20. మీరు ఆరితేరిన ఆటగాడితో ఆడినా, మీ దెబ్బల్లోంచి 20 తీసేసి లెక్క చూస్తారు. దానివల్ల కొత్తవాడూ పాతవాడూ, తండ్రీ కూతురూ ఒకే ఆటలో దీటుగా నిలబడగలరు. తరగతిలో వెనకబడిన పిల్లవాడిని నిన్నటి తనతోనే పోల్చి చూడమని బీఈడీలో మాకు చెబుతారు. ఈ లెక్క అలాంటిదే.

పత్రం ఉంటే చాలదు, చోటు దొరకాలి. ప్రపంచం నలుమూలలనుంచీ జనం వస్తారు కదా. అందుకు వాళ్ళు లాటరీ పెట్టారు. ఇద్దరు నుంచి నలుగురు దాకా జట్టుగా పేర్లిస్తే, ఆటకు రెండు రోజుల ముందు చీట్లు తీసినట్టు తీస్తారు. ఒంటరిగా వచ్చినవాళ్ళు ఒకప్పుడు రాత్రంతా వరుసలో నిలబడేవారు. 2024నుంచి వారికీ చీట్ల పద్ధతే. ఊరివాళ్ళకు వేరుగా సమయాలు కేటాయిస్తారు. డబ్బు ముందే కట్టి చోటు ఖాయం చేసుకునే మార్గాలు లేకపోలేదు. కానీ చీట్లలో మాత్రం కోటీశ్వరుడి పేరూ, మాస్టరుగారి పేరూ ఒకే డబ్బాలో పడతాయి.

ఖర్చు మాట దాచకూడదు. బయటివారికి ఓల్డ్ కోర్సులో వేసవిలో ఒక్క ఆటకు 300 పౌండ్లు దాటింది. మన డబ్బుల్లో ముప్పై వేల పైమాటే. 1913 దాకా బయటివారికి కూడా రుసుం లేదు. ఊరివారికి 1946 దాకా లేదు. ఇప్పటికీ ఊరివాళ్ళు ఏడాదికి ఒకసారి తక్కువ సొమ్ము కట్టి, ఏడాదంతా ఆడుకుంటారు. ఊరందరిదీ అన్న మైదానంలో బయటివాడికి ఇంత ధర ఏమిటని అడగవచ్చు, అడగవలసినదే. కానీ ఆ డబ్బుతోనే బాల్గోవ్‌లాంటి పిల్లల మైదానం, ఊరివారి చవక రుసుం నడుస్తున్నాయన్నది కూడా చూడాలి. చూడడానికీ, నడవడానికీ మాత్రం ఎవరికీ రుసుం లేదు.

సరే, చీటీలో మీ పేరు వచ్చింది. సంచీలో 14 కర్రలకు మించి ఉండకూడదు. నాలుగు గంటలకు పైగా నడక. సంచీ మోసి, దారి చెప్పడానికి కావాలంటే కాడీ ఉంటాడు. అక్కడ కాడీ అంటే కూలి మాత్రమే కాదు, దారి తెలిసిన గురువు. గాలి ఎటు వీస్తోందో, ఏ గుట్ట వెనక ఏ గొయ్యి దాగుందో అతనికే తెలుసు.

మైదానంలో లెక్కల మాస్టారుకు నచ్చే విశేషం ఒకటి ఉంది. మామూలుగా గుంతకో గ్రీన్ ఉంటుంది. ఇక్కడ వెళ్ళేటప్పటి గుంతా, వచ్చేటప్పటి గుంతా ఒకే పెద్ద గ్రీన్ మీద ఉంటాయి. రెండవదీ పదహారవదీ కలిసి, మూడవదీ పదిహేనవదీ కలిసి, నాలుగవదీ పద్నాలుగవదీ కలిసి, అలా ఎనిమిదవదీ పదవదీ దాకా. ఏ జంటను కూడినా 18. ఒకటి, తొమ్మిది, పదిహేడు, పద్దెనిమిది మాత్రమే ఒంటరివి. వెళ్ళేటప్పుడు తెల్లజెండా, వచ్చేటప్పుడు ఎర్రజెండా చూసి కొట్టాలి. ఇంతకూ ఈ 18 ఎలా వచ్చింది? మొదట అక్కడ ఒక ఆటకు 22 గుంతలు. 1764లో మొదటి నాలుగు గుంతలూ మరీ దగ్గరగా ఉన్నాయని రెండుగా కలిపారు. పోయేటప్పుడు రెండూ వచ్చేటప్పుడు రెండూ తగ్గి 18 అయింది. ఈ ఒక్క ఊరి సర్దుబాటే క్రమంగా లోకానికంతా నియమమైపోయింది.

112 బంకర్లు ఉన్నాయి, ఒక్కొక్కదానికి ఒక కథ. పద్నాలుగవ దారిలో ఉన్నదాని పేరు నరకం. అంత పెద్ద ఆటగాడు జాక్ నిక్లాస్, ఇదే మైదానంలో 1970లోనూ 1978లోనూ ఓపెన్ పోటీ గెలిచినవాడు, 1995లో ఆ నరకంలో పడి ఆ ఒక్క గుంతకే పది దెబ్బలు కొట్టాడు. పదిహేడవ గుంతకు రోడ్ హోల్ అని పేరు. దాని గ్రీన్ వెనకే రోడ్డు. బంతి రోడ్డు మీద పడితే రోడ్డు మీదనుంచే కొట్టాలి తప్ప తీసి పక్కన పెట్టుకోరాదు. ముందువైపు లోతైన బంకర్. 1978 ఓపెన్‌లో జపాన్ ఆటగాడు నాకజిమా గ్రీన్ మీదనుంచి దొర్లించిన బంతి జారి అందులో పడింది. బయటపడేసరికి ఆ గుంతకు తొమ్మిది దెబ్బలు. గొప్పవాళ్ళకే ఇలా అయితే మనకు సిగ్గేముంది, ధైర్యంగా ఆడవచ్చు.

పద్దెనిమిదవ గుంతకు టామ్ మోరిస్ పేరు పెట్టారు. 1821లో ఆ ఊళ్ళోనే పుట్టాడు, నేతపని చేసే ఇంటి బిడ్డ. తోలుసంచిలో ఈకలు కూరి గోల్ఫ్ బంతులు చేసే పనివాడి దగ్గర శిష్యుడిగా చేరాడు. తరువాత మైదానం సంరక్షకుడై, చాలా ఏళ్ళు దాన్ని కంటికి రెప్పలా చూశాడు. ఓపెన్ పోటీ నాలుగుసార్లు గెలిచాడు. ఆ గుంతకు రాజుల పేరు పెట్టలేదు, జమీందార్ల పేరు పెట్టలేదు, గడ్డిని కాపాడిన మనిషి పేరు పెట్టారు.

ఆడేటప్పటి మర్యాదలు కొన్ని. ఎదుటివాడు కొట్టేటప్పుడు కదలకూడదు, మాట్లాడకూడదు. కర్ర తగిలి గడ్డిపెళ్ళ లేస్తే దానికి చేయవలసిన మరమ్మతు చేసి కదలాలి. బంకర్‌లో మీ అడుగుజాడలు మీరే చదును చేయాలి. బంతి మనిషి వైపు వెళితే ఫోర్ అని గట్టిగా కేక వేయాలి. అన్నిటికంటే ముఖ్యం, మామూలు ఆటలో అంపైరు ఉండడు. చెట్టుచాటున బంతి రవ్వంత కదిలినా చెప్పవలసింది మీరే. ఇదంతా దేనికంటే, తరువాత వచ్చేవాడికి మైదానం మనకు దొరికినట్టే దొరకాలి.

మన దేశం సంగతి కూడా చెప్పుకోవాలి. బ్రిటిషు దీవుల వెలుపల అన్నిటికంటే పాత గోల్ఫ్ క్లబ్బు మన కలకత్తాలోనే ఉంది, 1829నాటిది. బెంగళూరు క్లబ్బు 1876నాటిది. ఆట త్వరగానే వచ్చింది, కానీ గోడ లోపలే ఉండిపోయింది. గోడ లోపలికి వెళ్ళిన పేదపిల్లలు సంచీలు మోయడానికీ, బంతులు ఏరడానికీ వెళ్ళారు. అలా వెళ్ళినవాళ్ళలోనే గొప్ప ఆటగాళ్ళు పుట్టారు. ఢిల్లీలో కాడీగా ఉన్న అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. బెంగళూరు దగ్గర బిడది వైపు పల్లెనుంచి వచ్చిన చిక్కరంగప్ప, పక్కనున్న మైదానంలో బంతులు ఏరే పనితో ఆటకు దగ్గరై, పెద్ద పోటీల దాకా ఎదిగాడు. క్లబ్బు సభ్యత్వం లేనివాడు కూడా డబ్బు కట్టి ఆడుకునే ప్రభుత్వ మైదానం మన దేశంలో ఢిల్లీలో కుతుబ్ మీనార్ దగ్గర 2000లో మొదలైంది. ఢిల్లీ అభివృద్ధి సంస్థ దాన్ని నడుపుతోంది.

అలాగని మన ఊరూరా గోల్ఫ్ మైదానం కావాలని నేను అనడం లేదు. సెయింట్ ఆండ్రూస్‌లో గడ్డి ఆ చలికీ వానకూ దానంతట అదే పెరుగుతుంది. మన కోలారు, పావగడ, బళ్ళారి ఎండల్లో ఆ గడ్డి పెంచాలంటే బోరుబావులు తోడిపోయాలి. తాగే నీటికే కటకటలాడే మనకు అది తగదు. మనం ఆ ఊరినుంచి నేర్చుకోవలసింది గడ్డి పెంపకం కాదు, బీడును నిలుపుకోవడం.

బీడు మనకూ ఉంది. తెలుగులో మందబయలు అన్నాం, పోరంబోకు అన్నాం. కర్ణాటకలో గోమాళ అంటారు. మహారాష్ట్రలో గాయరాన్, ఒడిశాలో గోచర్. ఏ రాష్ట్రంలో ఉన్నా, ఏ పేరుతో పిలిచినా అది ఊరందరి నేల. పశువులు మేసేది అక్కడే, జాతర జరిగేది అక్కడే, మన పిల్లలు బిళ్ళంగోడు ఆడేది అక్కడే. నేను పనిచేసే బడి వెనక బీడు ఒకప్పుడు ఐదారు ఎకరాలుండేదని పెద్దలు చెబుతారు. ఇవాళ కబడ్డీకి గీతలు గీస్తే ఒక గీత ఎవరి కంచెకో తగులుతుంది. ఆటల పీరియడ్‌లో బంతి కంచె అవతల పడితే, పిల్లలు నా మొహం చూస్తారు. మీ ఊళ్ళో ఇలా లేదనుకోను.

సెయింట్ ఆండ్రూస్ బీడును మూడు నిలబెట్టాయి. మొదటిది కాగితం. 1552లో వాళ్ళు రాయించుకోకపోతే 1797 తరువాత అడగడానికి నోరుండేది కాదు. మీ ఊరి బీడు సర్వే నంబరు ఎంత, ఎన్ని ఎకరాలు, పహణీలో ఎలా రాసి ఉంది, ఎవరికైనా తెలుసా? మనలో చాలామందికి ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడమో, తమిళమో, మరాఠీయో, ఒడియానో. భాష వేరని కచేరీ కాగితం చదవడం మానేస్తే నష్టపోయేది మనమే. బడిలో ఆ భాష చదువుతున్న మీ పిల్లల చేత చదివించుకోండి.

రెండవది కాలు. కాగితం ఉన్నా, ఆ నేలమీద జనం రోజూ నడవకపోతే అది ఎవరిదో ఒకరిది అయిపోతుంది. కుందేళ్ళ వ్యాపారుల కాలంలో కూడా ఆ ఊరివాళ్ళు ఆడడం మానలేదు. పిల్లల్ని టీవీ ముందునుంచి, సెల్‌ఫోన్ ముందునుంచి లేపి బీడుకు పంపండి. మనుషులు తిరిగే నేలను ఆక్రమించడం కష్టం.

మూడవది కట్టుబాటు. అందరిదీ అంటే ఎవరూ చూడనిది అని కాదు. ఏ రోజు ఆట, ఏ రోజు మేత, ఏ రోజు సంత, ఎవరి వంతు ఎప్పుడు అని మాట అనుకోవాలి. అక్కడ చీట్లు వేస్తారు, ఆదివారం ఆపుతారు, దారిన పోయేవాడికి ఆగుతారు. అందుకే ఒకే నేల ఆటగాడికీ, పాదచారికీ, పిల్లవాడికీ సరిపోతోంది.

మన దగ్గర చట్టం లేదనకండి. 2011 జనవరిలో సుప్రీంకోర్టు పంజాబులోని ఒక గ్రామచెరువు ఆక్రమణ కేసులో తీర్పు చెబుతూ, ఊరుమ్మడి నేలల్లోని ఆక్రమణలు తొలగించడానికి పథకాలు తయారు చేయాలని అన్ని రాష్ట్రాల ప్రభుత్వాలనూ ఆదేశించింది. పోరంబోకు అనే మాట ఆ తీర్పులోనే ఉంది. కాబట్టి గ్రామసభలో లేచి అడగడం గొడవపడడం కాదు. అది మన హక్కు. ఒక్కరే అడిగితే మొహమాటం, నలుగురు కలిసి అడిగితే అది ఊరి మాట.

సెయింట్ ఆండ్రూస్‌లో 2022లో 150వ ఓపెన్ పోటీ జరిగింది. ఆ ఊళ్ళో జరిగిన ఓపెన్‌లలో అది 30వది. లోకమంతా టీవీలో చూసింది. అలాంటి చోట కూడా మామూలు ఆదివారాల్లో ముసలమ్మ కుక్కను తిప్పుకుంటుంది. పెద్దపేరు తెచ్చుకున్నా నేల ఊరిదిగానే ఉంది. మీకు ఎప్పుడైనా అక్కడికి వెళ్ళే వీలు చిక్కితే తప్పక వెళ్ళండి, హిమాలయాల్లో ఒక ఆట ఆడండి, గొర్రెల వంతెన దాటండి. వెళ్ళే వీలు లేకపోతే విచారించకండి. రేపు సాయంత్రం మీ ఊరి బీడులో పిల్లలతో ఒక చుట్టు నడవండి. దాని నాలుగు హద్దులూ వాళ్ళకు చూపించండి.